లారీ ఆండర్సన్ ఆర్టిస్టా, మ్యూజీషియనా? రెండూ చేస్తే పూట గడుస్తుందా? (సమాధానం పెద్దదే, ఓపికుంటే చదవండి)

మధ్యలో వచ్చినవాళ్ళ కోసం ముందు ప్రశ్న చెప్తా. వైజాగ్‌లో ఒక తమ్ముడు బీఎఫ్ఏ ఫైనలియర్ చదువుతున్నాడు, శిల్పం చేస్తాడు, రాత్రిళ్ళు ఇంట్లో లాప్‌టాప్ మీద ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేస్తాడు. ఇంట్లోవాళ్ళేమో రెండు పడవల మీద కాళ్ళు పెట్టకు, ఏదో ఒకటి తేల్చుకో అంటున్నారు. ఎవరో అమెరికన్ ఆర్టిస్టు లారీ ఆండర్సన్ పేరు చెప్పి ఆవిడ రెండూ చేసింది చూడు అన్నారట. ఆవిడకి అదెలా కుదిరింది, డబ్బులు ఎక్కణ్ణించి వచ్చాయి, నేను ముందు ఏ సింథ్ (కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యం) కొనాలి అని మూడు ప్రశ్నలు అడిగాడు. దాంతో పాటు ఆరు నిమిషాల ట్రాక్ ఒకటి పెట్టి, "వెనకాల ఇంట్లో గొంతులు పడ్డాయి, సారీ, క్లీన్ చేసి మళ్ళీ పెడతా" అన్నాడు.

నేను 19 ఏళ్ళుగా సౌండ్ పనిలో ఉన్నా. నాటకాలు, మ్యూజియంలు, గ్యాలరీలు, ఎవరు పిలిస్తే వాళ్ళకి. అంటే స్పీకరు ఎక్కడ పెట్టాలి, వైరు ఎవరి కాళ్ళకీ తగలకుండా ఎలా లాగాలి, ఆ రకం పని. పేరున్న ఆర్టిస్టుని కాదు గానీ ఇలాంటివాళ్ళ పనులు విప్పి లోపల ఏముందో చూడ్డం అలవాటు. ఆండర్సన్ పిచ్చి నాకు పాతది, అందుకే ఇంత రాస్తున్నా.

ముందు ఒక అపోహ తీసేద్దాం. చాలామంది ఆవిడని 1981లో 'ఓ సూపర్‌మ్యాన్' అనే ఒక్క పాటతో పైకొచ్చిన పాప్ సింగర్ అనుకుంటారు. ఆ పాటకి ముందు దాదాపు పదేళ్ళు ఎవరూ పెద్దగా పట్టించుకోని పనులు చేసింది, నీకు పనికొచ్చే సరుకంతా అక్కడే ఉంది.

ఆవిడ పుట్టింది 1947లో, షికాగో దగ్గర గ్లెన్ ఎల్లిన్ అనే ఊళ్ళో, ఎనిమిది మంది పిల్లల ఇల్లు. చిన్నప్పట్నుంచీ వయొలిన్ నేర్చుకుంది, షికాగోలో పిల్లల సింఫనీలో వాయించింది కూడా. న్యూయార్క్ వచ్చి బార్నార్డ్‌లో ఆర్ట్ హిస్టరీ చదివింది, తర్వాత 1972లో కొలంబియాలో ఎంఎఫ్ఏ పూర్తి చేసింది, అది కూడా శిల్పంలో, అంటే నీ సబ్జెక్టే తమ్ముడూ. అప్పట్లో పొట్టకూటికి ఆర్ట్ హిస్టరీ క్లాసులు చెప్పేది, చీకటి గదిలో స్లైడు వేసి దాని గురించి చెప్పాల్సింది మర్చిపోతే అప్పటికప్పుడు కథ అల్లి చెప్పేసేదట, మళ్ళీ పరీక్షలో అదే అడిగేదట. ఆ పిల్లల సంగతి దేవుడెరుగు గానీ ఆవిడ స్టేజి మీద చేసేదంతా అదే, వెనకాల ఒక బొమ్మ, ముందు ఒక మనిషి, తాపీగా ఒక కథ.

కాన్సెప్చువల్ ఆర్ట్ అంటే మనవాళ్ళు నవ్వుతారు, అరటిపండు గోడకి అంటించడమా అని. చూడ్డానికి అందంగా ఉన్న వస్తువు కన్నా దాని వెనకున్న ఆలోచనే అసలు పని అనుకునే పద్ధతి అది, అంతే. 1972లో ఆవిడ వెర్మాంట్ రాష్ట్రంలో రోచెస్టర్ అనే చిన్న ఊళ్ళో ఒక కచేరీ పెట్టింది, వాయిద్యాలు ఏవంటే కార్ల హారన్లు. అక్కడ జనం బయట పెట్టే కచేరీలకి కార్లలో వచ్చి, దిగకుండా అందులోనే కూర్చుని, నచ్చితే చప్పట్లకి బదులు హారన్ కొట్టేవాళ్ళు. ఆవిడ ఏం చేసిందంటే కార్లనే ఆర్కెస్ట్రా చేసేసింది. (మన పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఇది రోజూ ఉచితం, కండక్టరు లేడు అంతే.) అదే రోజుల్లో రకరకాల పబ్లిక్ చోట్ల పడుకుని నిద్రపోయేది, రాత్రిపూట నడిచే కోర్టులో, చలికాలంలో బీచ్‌లో, లైబ్రరీ లేడీస్ బాత్రూంలో. ఎందుకూ అంటే, చోటు మారితే కలలు మారతాయా అని చూడ్డానికి. దీనికి రూపాయి ఖర్చు లేదు చూశావా.

ఇక 1974-75లో చేసిన మంచు పని. స్కేటింగ్ బూట్ల కింది బ్లేళ్ళని మంచుగడ్డల్లో గడ్డకట్టించి, ఆ బూట్లు వేసుకుని వీధిలో నిలబడి వయొలిన్ వాయించేది. వయొలిన్‌లోపల ఒక స్పీకరు, దాన్లోంచి ముందే రికార్డు చేసిన వయొలిన్ వస్తుంటుంది, పైన ఆవిడ వాయిస్తుంటుంది, తనతో తనే జుగల్‌బందీ అన్నమాట. లూపులాంటి టేపు, అంటే అదే మళ్ళీ మళ్ళీ తిరిగేది, కాబట్టి దానంతటది ఆగదు, మరి కచేరీ ఎప్పుడు అయిపోవాలి? మంచు కరిగి కాళ్ళు తడబడ్డప్పుడు. నాకు మొత్తం కెరీర్లో అన్నిటికన్నా ఇదే ఇష్టం, ఎందుకంటే ఎలక్ట్రానిక్ మ్యూజిక్ చేసేవాళ్ళందరికీ ఉన్న పెద్ద తలనొప్పి అదే కదా, లూప్ మొదలుపెట్టడం తేలిక, ఎక్కడ ఆపాలో ఎవడికీ తెలీదు. ఫేడౌట్ చేసేసి చేతులు దులుపుకుంటాం. ఆవిడ ఆ పనిని ఎండకి అప్పజెప్పింది.

ఇటలీలో జెనోవా ఊళ్ళో ఇదే చేస్తూ, వచ్చీరాని ఇటాలియన్‌లో జనానికి చెప్పిందట, ఈ పాటలు మా అమ్మమ్మ కోసం, ఆవిడ చనిపోయిన రోజు నేను గడ్డకట్టిన చెరువు మీద నడుచుకుంటూ వెళ్తే బాతులు అరుస్తున్నాయి, దగ్గరికెళ్ళినా ఎగరలేదు, చూస్తే వాటి కాళ్ళు మంచులో ఇరుక్కుపోయాయి అని. అక్కడున్న ఒకాయన పక్కవాళ్ళకి వివరించాడట, "ఒకప్పుడు ఈమె, వాళ్ళ అమ్మమ్మ కలిసి చెరువులో గడ్డకట్టుకుపోయారంట, అందుకే వాయిస్తోంది" అని. ఆవిడ ఆ అపార్థాన్ని కూడా కథలో కలిపేసుకుని ఏళ్ళ తరబడి చెప్పింది.

తర్వాతది 1977, టేప్-బో వయొలిన్. ఇది కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే నీ మూడో ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. వయొలిన్ కమానుకి గుర్రం వెంట్రుకలు ఉంటాయి కదా, అవి తీసేసి ఆ చోట రికార్డు చేసిన మాగ్నెటిక్ టేపు ముక్క బిగించింది. వయొలిన్ మీద తీగల బ్రిడ్జి ఉండే చోట టేప్ రికార్డర్ హెడ్, అంటే టేపుని చదివే ముక్క, పెట్టింది. ఇంజనీరింగ్ సాయం బాబ్ బీలెకీ అనే ఆయనది. ఇప్పుడు కమాను లాగితే టేపు మీదున్న మాట వినపడుతుంది, మెల్లిగా లాగితే మత్తుగా బొంగురుగా, గబుక్కున లాగితే చిలక గొంతులా, వెనక్కి తోస్తే మాట తిరగబడి. చెయ్యే మోటారు. డీజేలు రికార్డు గీకడం తెలుసుగా, దాదాపు అదే కాలంలో న్యూయార్క్‌లోనే ఇంకో పేటలో కుర్రాళ్ళు అది కనిపెడుతున్నారు, ఈవిడ ఇక్కడ వయొలిన్ మీద.

మాట వెనక్కి పోతే ఇంకో మాట అవుతుందా అనే ఆట మీద ఆవిడ చాలా పని చేసింది. నేను పాతికేళ్ళప్పుడు ఇది చదివి ఎగిరి గంతేశా, మన దగ్గర వికటకవి ఉన్నాడు కదా, ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటే, రికార్డు చేసి తిప్పేస్తే సరి అనుకున్నా. పాత క్యాసెట్ డెక్కులో రికార్డు చేసి తిప్పి వింటే "ఇవకటకివ్" అని వచ్చింది! పదినిమిషాలు తల గోక్కున్నా. తర్వాత వెలిగింది, మనం రాసేది అక్షరాలు, వి అంటే వ మీద గుడి, కానీ టేపుకి గుడీ తెలీదు దీర్ఘమూ తెలీదు, దానికి వ్ తర్వాత ఇ, అంతే, తిప్పితే ఇ ముందొస్తుంది. అంటే వికటకవి కాగితం మీదే వికటకవి, గాలిలో కాదు. తెలుగులో నిజంగా చెవికి పాలిండ్రోమ్ కావాలంటే వేరే మాటలు వెతుక్కోవాలి, ఉదాహరణకి "ఇది" అను, ఇ-ద్-ఇ, ఇది తిరగేసినా దాదాపు ఇదే. ఇలాంటివి ఓ యాభై పోగేశా, ఏ పనీ చెయ్యలేదు వాటితో, నీకు కావాలంటే ఇస్తా.

1978లో న్యూయార్క్ మోమా మ్యూజియంలో పెట్టిన బల్ల సంగతి కూడా చెప్పి డబ్బుల్లోకి వెళ్తా. ఎలక్ట్రిక్ టైప్‌రైటర్ మీద ఏదో రాస్తూ విసుగొచ్చి మోచేతులు బల్ల మీద ఆనించి తల పట్టుకుందట, అప్పుడు మెషీను గుయ్యి శబ్దం మోచేతుల్లోంచి ఎముకల ద్వారా పెద్దగా వినపడింది. అంతే, దాంతో ఒక చెక్కబల్ల చేసింది, చూడ్డానికి మామూలు బల్ల, ఏ శబ్దమూ రాదు, మోచేతులు గుంటల్లో పెట్టి అరచేతులతో చెవులు మూసుకుంటే లోపల సంగీతం. చెవులు మూసుకుంటేనే వినపడే కచేరీ. నేను ఒక ఎగ్జిబిషన్ కోసం ఇలాంటిదే చేద్దామని ప్లైవుడ్ బల్లకి కింద ఎక్సైటర్లు బిగించా, అవి కోను లేని స్పీకర్లు, దేనికి అంటిస్తే దాన్నే మోగిస్తాయి. ఆన్ చేస్తే బల్ల మొత్తం తంబురాలా మోగింది, గది బయటికి వినపడుతోంది, రహస్యం గోవిందా. చివరికి బల్లకి తగలకుండా రబ్బరు బుష్‌ల మీద రాడ్లు నిలబెట్టి, మోచెయ్యి ఆనే చోట మాత్రమే రాడ్డు పైకి తేలేలా చేస్తే, అప్పటికి సగం కుదిరింది, అది కూడా బొంగురు స్వరాలకే, పై స్వరాలు ఎముకలో సరిగ్గా పోవట్లేదు. ఆ పనికి నాకు రావాల్సిన డబ్బులు ఇప్పటికీ రాలేదు, "మీకు ఎక్స్‌పోజర్ వస్తుంది కదా సార్" అన్నారు, సరే ఆ గోల ఇప్పుడెందుకు.

డబ్బులు. ఆ పాట కథ ఇక్కడొస్తుంది, ఓ సూపర్‌మ్యాన్. 1980 ఏప్రిల్‌లో ఇరాన్‌లో బందీలుగా ఉన్న అమెరికన్లని విడిపించడానికి పంపిన హెలికాప్టర్ల ఆపరేషన్ ఎడారిలో ఫెయిలై 8 మంది సైనికులు చనిపోయారు. అంత టెక్నాలజీ ఉన్న దేశానికి ఏమైంది అన్న ఆలోచనలోంచి పుట్టింది ఆ పాట. మాస్నే అనే ఫ్రెంచి కంపోజర్ ఓపెరాలో భగవంతుణ్ణి వేడుకునే పాట ఒకటుంది, దాని నీడ దీని మీద ఉంది. మొత్తం ఎనిమిది నిమిషాల పైన, తాళం ఏంటంటే ఆవిడ గొంతుతో "హ" అన్న ఒక్క అక్షరం, ఈవెంటైడ్ హార్మోనైజర్ అనే మెషీన్లో పట్టి హ హ హ హ అని చివరిదాకా తిప్పింది. పైన వోకోడర్ వేసిన గొంతు, మనిషా మెషీనా తెలియని గొంతు. మొదట్లోనే ఆన్సరింగ్ మెషీన్ వస్తుంది, ఇంట్లో ఎవరూ లేరు మెసేజ్ పెట్టండి అని, అప్పుడు వాళ్ళమ్మ గొంతుగా, నేను మీ అమ్మని, ఉన్నావా, ఇంటికొస్తున్నావా అన్నట్టు. మెల్లిగా ఆ ఫోన్లో మాట్లాడేది అమ్మా లేక ఇంకేదన్నానా అని అనుమానం వస్తుంది, విమానాలు వస్తున్నాయి అంటుంది. 2001 సెప్టెంబర్ 11 తర్వాత వారానికే న్యూయార్క్ టౌన్ హాల్లో ఆవిడ ఈ పాట పాడింది, ఆ రికార్డింగు ఉంది, రాత్రిపూట హెడ్‌ఫోన్స్‌లో వినకు.

ఈ రికార్డుకి పెట్టుబడి ప్రభుత్వ కళల సంస్థ ఎన్ఈఏ ఇచ్చిన 500 డాలర్ల గ్రాంటు. రికార్డింగు ఇంట్లోనే, తోడు రోమా బారన్ అనే ప్రొడ్యూసరు. వెయ్యి కాపీలు కొట్టించి, ఆర్డరొస్తే పోస్టులో పంపేది. లండన్‌లో బీబీసీ రేడియోలో జాన్ పీల్ దాన్ని పట్టుకుని వదల్లేదు, వేస్తూనే ఉన్నాడు. ఒకరోజు ఇంగ్లండ్ నుంచి ఫోను, 80 వేల కాపీలు కావాలి అర్జెంటుగా అని. ఆవిడ ఇంట్లో మూలనున్న అట్టపెట్టె వైపు చూసి, సరే మళ్ళీ ఫోన్ చేస్తా అందట. అప్పటికే వార్నర్ బ్రదర్స్ వాళ్ళు ఆవిడ షోలకి వచ్చి ఆల్బమ్ చేద్దామని అడుగుతున్నారు, వాళ్ళకి ఫోన్ చేసింది. అక్టోబర్ 1981లో పాట బ్రిటన్ చార్టుల్లో 2వ స్థానం. గ్యాలరీ స్నేహితులు కొందరు అమ్ముడుపోయావ్ అన్నారు.

తమ్ముడూ, ఇక్కడ మనం పొరపాటు పడతాం. హిట్టు వచ్చింది కాబట్టి కెరీర్ నిలబడింది అనుకుంటాం. ఆ తర్వాత అలాంటి చార్టు హిట్టు ఇంకోటి లేదు! మరి నలభై ఏళ్ళు ఎలా బతికింది అంటే టూర్లు, కమీషన్లు (అంటే ఎవరైనా డబ్బిచ్చి చేయించుకునే పనులు), గ్రాంట్లు, ఉపన్యాసాలు, రికార్డుల రాయల్టీ, మళ్ళీ టూర్లు. 1983లో బ్రూక్లిన్‌లో బామ్ థియేటర్లో యునైటెడ్ స్టేట్స్ అనే షో చేసింది, రెండు రాత్రులు కలిపి 8 గంటలు, మన ఒగ్గుకథ వాళ్ళకి అది లెక్కే కాదనుకో, అక్కడి జనానికి కొత్త. ఓ సూపర్‌మ్యాన్ ఆ షోలో ఒక ముక్క మాత్రమే. అంటే హిట్టు కోసం పాట చెయ్యలేదు, పెద్ద పని చేస్తుంటే అందులోంచి ఒక ముక్క జారి చార్టులో పడింది.

తర్వాతవి గబగబా చెప్తా. 1986 సినిమాలో డ్రమ్ మెషీను విప్పి దాని ముక్కల్ని డ్రెస్సులో కుట్టించుకుని ఒంటి మీద కొట్టుకుంటూ డ్రమ్స్ వాయించింది. 1989 ఆల్బమ్ ముందు, నలభై దాటాక, పాడ్డం నేర్చుకుందామని క్లాసులకి వెళ్ళింది, అప్పటిదాకా ఎక్కువగా మాట్లాడేది, పాడేది తక్కువ. 1995లో సీడీ-రామ్ ఒకటి, ఇప్పుడది పెట్టడానికి కంప్యూటరే దొరకదు. మధ్యలో చైనాటౌన్‌లో మెక్‌డొనాల్డ్స్‌లో కొన్నాళ్ళు కౌంటర్ దగ్గర పనిచేసింది, మామూలు జీవితం ఎలా ఉంటుందో చూద్దామని, తెలిసినవాళ్ళు వచ్చినా యూనిఫాంలో గుర్తుపట్టలేదట. 2003లో నాసా వాళ్ళు ఫోన్ చేసి మా తొలి ఆర్టిస్ట్-ఇన్-రెసిడెన్స్‌గా ఉంటారా అంటే ఎవరో ఆట పట్టిస్తున్నారని పెట్టేసింది. నిజమే. 20 వేల డాలర్లు. ఏం చెయ్యాలి నేను అంటే మాకూ తెలీదు మీ ఇష్టం అన్నారట. తర్వాత అమెరికా కాంగ్రెస్‌లో దీని మీద గొడవైంది, నాసాకి ఆర్టిస్టెందుకు అని, ఆవిడే మొదలు, ఆవిడే చివర. 2010లో సిడ్నీ ఓపెరా హౌస్ బయట కుక్కల కోసం కచేరీ చేసింది, తోడు భర్త లూ రీడ్. నవ్వుకో పర్లేదు, ఆవిడా నవ్వించడానికే చేసింది.

2012లో శాండీ తుపాను. న్యూయార్క్‌లో హడ్సన్ నది పొంగి ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లోకి ఉప్పునీళ్ళొచ్చాయి, దాచుకున్న పాత పరికరాలు, కాగితాలు, స్టేజి సామాను అన్నీ పోయాయి. మరుసటేడాది లూ రీడ్ చనిపోయాడు. ఆ తుపాను మీద నలుగురు తీగవాద్యాల బృందం క్రోనోస్ క్వార్టెట్‌తో చేసిన ఆల్బమ్‌కి 2019లో గ్రామీ వచ్చింది, 71 ఏళ్ళకి. సౌండ్ పనిలో ఉన్నవాడిగా నాకు ఇది గుచ్చుకుంటుంది, నా దగ్గర అటక మీద ఉన్న డ్యాట్ క్యాసెట్లకి (పాత డిజిటల్ టేపులు) ఇంకా బ్యాకప్పు లేదు. ఇవాళ ఆదివారం కదా మొదలుపెట్టాలి, ప్రతి ఆదివారం ఇదే అనుకుంటా.

సరే, నీ ప్రశ్నలు. రెండూ ఎలా కుదిరాయి అంటే, ఆవిడ రెండూ విడివిడిగా చెయ్యలేదు. మంచు బూట్లు శిల్పమా, కచేరీనా చెప్పు? శిల్పం చదివినవాడికి బరువు, చోటు, వస్తువు కరగడం తెలుస్తాయి, మ్యూజిక్ చేసేవాడికి టైము తెలుస్తుంది. మీ ఇంట్లోవాళ్ళు ఒకటి తేల్చుకో అంటే, తేల్చుకున్నా అని చెప్పి శిల్పంలోనే మోగేది చెయ్యి. డబ్బు విషయంలో మాత్రం వాళ్ళ భయం నిజమే, మన దగ్గర ఎన్ఈఏ లాంటిది నీ వయసుకి సులువుగా దొరకదు, మొదటి అయిదారేళ్ళు ఇంకో పని ఉండాలి, ఆవిడ క్లాసులు చెప్పినట్టు. సౌండ్ రికార్డిస్టు పని, ఈవెంట్లకి మిక్సింగు, ఏదైనా సరే, చెవిని వాడే పని అయితే మంచిది. ఫ్రీగా ఏదీ చెయ్యకు, బల్ల కథ చెప్పా కదా.

సింథ్ కొనకు. ఇది విని కోప్పడతావ్ గానీ, ఇప్పుడే వద్దు. ఆవిడకి ముందు ప్రశ్న వచ్చేది, ఆ ప్రశ్నకి తగ్గ పనిముట్టు లేకపోతే చేయించుకునేది. మనం ముందు ఈఎంఐలో పనిముట్టు కొని తర్వాత దాని ముందు కూర్చుని ఆలోచన కోసం ఎదురుచూస్తాం, నా దగ్గర అలా కొన్నవి మూడున్నాయి, ఒకదాని మీద ఇప్పుడు మనీప్లాంట్ కుండీ ఉంది. హైదరాబాద్ వస్తే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళు, పియెజో బిళ్ళలు అని అడుగు, ఇత్తడి రంగు రూపాయి బిళ్ళల్లా ఉంటాయి, చాయ్ డబ్బులకొస్తాయి. ఒక పది తీసుకుని రెండు వైర్లు టంకం పెట్టి జాక్ తగిలించు, కాంటాక్ట్ మైకు అయిపోయింది. నువ్వు చెక్కే రాయికి అంటించి ఉలి దెబ్బ విను. ఎంపీ3లో కాదు, హెడ్‌ఫోన్స్‌లో లైవ్‌గా, కొడుతూ విను. వాల్యూమ్ మాత్రం ముందు బాగా తగ్గించి పెట్టుకో, చెవులు జాగ్రత్త.

ఇక నీ ట్రాక్. మూడుసార్లు విన్నా. మొదటి మూడు నిమిషాలు బావుంది గానీ ఎక్కడో విన్నట్టుంది, ప్రీసెట్లు, అంటే సాఫ్ట్‌వేర్‌లో రెడీమేడ్‌గా వచ్చే సౌండ్లు, ఎక్కువయ్యాయి. నాలుగో నిమిషం దగ్గర బాస్ ఆగిపోయి ఖాళీ వచ్చిన చోట, దూరంగా మీ అమ్మగారనుకుంటా, "నాన్నా, అన్నం పెట్టేశా, చల్లారిపోతోంది" అంటారు, కాస్త ఆగి "వింటున్నావా" అంటారు. నువ్వు క్లీన్ చేస్తానన్నది దాన్నేగా? ఆ ఫైలు అలాగే ఉంచి, అమ్మగారి పర్మిషన్ అడిగి, ఆ "వింటున్నావా"లో మొదటి అక్షరం ఒక్కటి కోసి లూపులో వేసి పంపు, చూద్దాం.